సోమవారం జ్వరం

చంకలో దాచుకున్న ఉల్లిపాయ జారి కింద పడింది.

ఆస్పత్రి గచ్చు మీద దొర్లుకుంటూ వెళ్ళి, బల్ల చివర కూర్చున్న ముసలాయన చెప్పుకి తగిలి ఆగింది.

తొమ్మిదో తరగతి పిల్ల గభాలున అమ్మ కేసి చూసింది. అమ్మ కిటికీ దగ్గర కాంపౌండరుతో మాట్లాడుతోంది. వెనక్కి తిరిగిందంటే అంతే సంగతులు!

ముసలాయన వంగి ఉల్లిపాయ తీశాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏమీ ఎరగనట్టు జేబులో వేసుకున్నాడు.

"ఎంతసేపు పెట్టావే?" గుసగుసగా అడిగాడు.

"రా... రా... రాత్రంతా."

"రాత్రంతా పెడితే జ్వరం రాదమ్మాయ్. కంపొస్తుంది."

కిసుక్కున నవ్వింది. జబ్బు సంగతి గుర్తొచ్చి గబుక్కున మూలిగింది.

"ఆ మూలుగు కుదరలేదు. నిజంగా నొప్పున్నవాళ్ళు ఎవరైనా చూస్తున్నారా అని చూసుకుని మూలగరు."

"మీ... మీకెలా తెలుసు?"

"నాదీ దొంగ జబ్బేగా! ఇంట్లో ఉంటే మా కోడలు అటక దిగి సర్దు, అటకెక్కి సర్దు అంటుంది. నడుం నొప్పని చెప్పి ఇక్కడికొచ్చి కూర్చుంటా."

నడుం పట్టుకుని ఒక్క మూలుగు మూలిగి చూపించాడు. మూలుగంటే అదీ! పిల్ల నోరు తెరుచుకుని ఉండిపోయింది.

సెలవు చీటీ మీద డాక్టరు సంతకం ఉంటే తప్ప బడిలో నమ్మని రోజులవి. లోపలి కుర్ర డాక్టరు నాడి పట్టుకుని, "జ్వరంలాగే ఉంది" అని సంతకం పెట్టేశాడు. ఇంత అమాయకపు డాక్టరు దొరికినందుకు పిల్ల లోలోపల మురిసిపోయింది.

మళ్ళీ సోమవారం కడుపు నొప్పి. ఆ పై సోమవారం కళ్ళు తిరగడం. కుట్టుమిషన్ కొట్టు తెరవాలని అమ్మ ఆమెని బల్ల మీద కూలేసి పరిగెత్తేది.

"సోమవారమే వస్తుందేంటే నీ జబ్బు?" ముసలాయన అడిగాడు.

పిల్ల తల వంచుకుంది.

"తె... తెలుగు మాస్టారు లేపి పా... పాఠం చదివిస్తారు. అందరూ న... నవ్వుతారు. టైపు మిషన్ అంటారు. నేను చ... చదువు మానేసి అమ్మతో కొ... కొట్లో కూర్చుంటా."

ముసలాయన నవ్వలేదు. జాలి పడనూ లేదు. అట్ట చిరిగిన వారపత్రిక ఒకటి తీసి ఆమె ఒళ్ళో పడేశాడు.

"కళ్ళజోడు మర్చిపోయొచ్చా. ఇందులో నగల వ్యాపారిని ఎవరు చంపారో తెలీక నిద్ర పట్టట్లేదు. చదివి పెట్టు."

"నే... నేనా?"

"మరెవరు? ఆ దగ్గేవాణ్ణి అడగమంటావా?"

చదివింది. మాట మాటకీ ఇరుక్కుంది. పత్రిక మూసెయ్యబోయింది.

"కంగారెందుకే? నువ్వు చదివేదాకా హంతకుడు ఎక్కడికీ పారిపోడు."

ఫక్కున నవ్వొచ్చింది. ఆ నవ్వుతో పాటే ఇరుక్కున్న మాటా బయటపడింది.

"ఆగాల్సొస్తే ఆగు. మాట నిన్ను ఆపినట్టు కాదు, నువ్వే మాటని ఆపినట్టు ఆగు. 'తలుపు చప్పుడైంది' అని ఆగావనుకో, వినేవాడు ఊపిరి బిగబట్టి చస్తాడు."

అలా ఎన్ని సోమవారాలో. స్పిరిట్ వాసన, కిరకిరలాడే ఫ్యాను, దగ్గులూ తుమ్ముల మధ్య హత్యలూ పరిశోధనలూ. ఆస్పత్రి వాసనకి లోకమంతా ముక్కు మూసుకుంటుందిగానీ, పెద్దయ్యాక కూడా ఆమె మాత్రం ఆ వాసన తగిలితే కాసేపు అక్కడే నిలబడిపోతుంది.

చివరికి హంతకుడు దొరికాడు. వ్యాపారి సొంత తమ్ముడు!

"నేను ముందే అనుకున్నా," అన్నాడు ముసలాయన.

"అబద్ధం! వంటవాడే చంపాడని పందెం కాసింది మీరేగా! నేను తమ్ముడంటే కొట్టిపారేశారు కూడా!"

ఒక్క మాట కూడా తడబడలేదు. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. ముసలాయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు కాసేపు.

"వచ్చే సోమవారం నుంచి నేను రానే. నా నాటకం ఇంట్లో పట్టేశారు. ఒక్కదానివీ ఇక్కడేం చేస్తావ్? బడికి పో."

సోమవారం మాస్టారు లేపకముందే లేచి నిలబడింది. రెండో వాక్యంలోనే మాట అడ్డం తిరిగింది. ఆగింది. తానే ఆపినట్టు ఆగి, తలెత్తి అందర్నీ ఒకసారి చూసింది.

ఎవ్వరూ నవ్వలేదు.

"ఊఁ, తర్వాత?" వెనక బెంచీ నుంచి ఎవడో తొందరపడ్డాడు.

బడి వదలగానే ఒకటే పరుగు. బల్ల చివర ఖాళీగా ఉంది. లోపల కుర్ర డాక్టరు గదికి తాళం వేసి ఉంది.

"అంకుల్, తాతయ్య రాలేదా?"

కాంపౌండరు తలెత్తాడు. "ఏ తాతయ్యమ్మా?"

"నాతో కథలు చదివించుకుంటారే! దొంగ నడుం నొప్పి తాతయ్య!"

కాంపౌండరు చేతిలో సీసా పక్కన పెట్టేశాడు.

"దొంగ నొప్పి కాదమ్మా. ఎముకల్లోకి పాకిన జబ్బు. మొన్ననే పోయారు."

పిల్ల వెళ్ళి బల్ల చివర, ఆయన చోట్లో కూర్చుంది.

"నేను చదివాను," అంది చివరికి. "ఆయనకి చెబుదామని వచ్చాను."

కాంపౌండరు ఆ బల్ల కేసి చూస్తూ అన్నాడు. "నిలబడే ఓపిక పోయి ప్రాక్టీసు కొడుక్కి అప్పగించేశాక, 'ఈ పిల్లని మాత్రం నాకొదిలెయ్యండి' అని మా పెద్ద డాక్టరుగారు అడిగి మరీ చూసిన ఆఖరి పేషెంటువి నువ్వేనమ్మా!"