గొలుసుకంటిన ఎరుపు

ఆళ్లగడ్డలోని ఇంటి వాకిట్లో భ్రమరాంబిక ట్రాక్టరు చుట్టూ ఊడుస్తోంది. అరుగు మీద ఆమె భర్త పెద్దన్న, ఆగిపోయిన తమ కారును నంద్యాల రిపేరు షెడ్డుకు చేర్చిన లారీ డ్రైవరు క్రాంతికుమార్‌ను నిలదీస్తున్నాడు.

"నువ్వే ఈడ్చుకోని పోయింటావ్. గేరుబాక్సు ఊరికే పగుల్తాదా?"

"లేదన్నా. నాలుగు చక్రాలకూ ఇంజను పట్టుండే కారు అది. ముందు రెండూ లేపి ఈడిస్తే గేరుబాక్సు పోతాది. అందుకే నాలుగూ లారీ మీదికి ఎక్కించినా. నువ్వొచ్చి నా తప్పు లేదని మా ఓనరుకు చెప్పకపోతే నా పని పోతాది."

"నిన్నెట్ల నమ్మేదప్పా?"

భ్రమరాంబికకూ క్రాంతి మీద అనుమానమే. అంతలో చీపురుకు ట్రాక్టరు గొలుసు తగిలింది. దాని కొక్కేనికి ఎర్రరంగు పెచ్చులు అంటుకుని ఉన్నాయి. తమ కారు రంగే. చేనికి పోయిన కారు ఇంటిదాకా నడిచొచ్చి ఆగిపోయిందని కదా మొన్న భర్త చెప్పింది!

"ఏందీ, చేను కాడ్నుంచి ట్రాక్టరుకు కట్టి తెచ్చినావా?"

"పాత జీపును అట్లనే తెస్తాంటిమి గదా!" అనేశాడు పెద్దన్న.

"ముందు చక్రాలు పైకి లేపే తెచ్చినావా అన్నా?" క్రాంతి మెల్లగా అడిగాడు.

పెద్దన్న గొలుసు వంక చూశాడు. చెప్పులేసుకుని, గేటు దాటి, క్రాంతి మోటారుసైకిలు వెనక ఎక్కి కూర్చున్నాడు.