గాలి ఉన్న గ్రహం

ఐసీయూ బయట ఇనప కుర్చీలో మాస్టారి భార్య కూర్చుని ఉంది. ఒళ్ళో ప్లాస్టిక్ కవరు, అందులో ఆయన చెప్పులు.

"డాక్టర్లు ఆశ పెట్టుకోవద్దన్నారమ్మా," అంది, పరుగున వచ్చిన శిష్యురాలితో. "తెలివి వచ్చినప్పుడల్లా నీ గురించే. రిజల్టు వచ్చిందా, రిజల్టు వచ్చిందా అని."

వచ్చింది. ఆ ఉదయమే.

ఎక్కడో దూరాన ఒక చిన్న ఎర్ర నక్షత్రం. ఎప్పుడూ ఒకే మొహం చూపిస్తూ దాని చుట్టూ తిరిగే రాతి గ్రహం. మాస్టారూ, శిష్యురాలూ కలిసి కనిపెట్టారు. ఏ టెలిస్కోపుకీ ఒక పట్టాన లొంగదని డిపార్ట్‌మెంటులో అందరూ దాన్ని 'మొండిది' అనేవాళ్ళు.

మాస్టారి భార్య మాత్రం 'నా సవతి' అనేది.

మొండిదానికి గాలి ఉందని మాస్టారి నమ్మకం. ఏళ్ళ తరబడి ఆ నమ్మకం మీదే గడిపారు.

గాలంటూ ఉంటే పగటివైపు వేడి కాస్తయినా చీకటివైపుకి పాకాలి. కొత్త టెలిస్కోపు కొలిచి చూస్తే పగటివైపు కాలిన పెనంలా ఉంది. ఎక్కడి వేడి అక్కడే.

గాలి లేదు. వట్టి బండ.

ఆమె మొహం చూసి మాస్టారి భార్యకి అర్థమైపోయింది.

"ఏదేమైనా మంచి మాటే చెప్పు తల్లీ," అంది చెయ్యి పట్టుకుని. "ఎలాగూ దక్కని మనిషి."

లోపల మాస్టారు మాస్కు కొంచెం పక్కకి లాక్కున్నారు.

"గాలి?"

"ఉంది మాస్టారూ."

ఆయన కళ్ళు మూసుకున్నారు. కన్నీళ్ళు జారి చెవిలోకి దిగాయి. ఆమే తుడిచింది.

మాస్టారు పోలేదు.

డాక్టర్లే ముక్కున వేలేసుకున్నారు. వారం తిరిగేసరికి నర్సులతో పరాచికాలు. ఇంటికొచ్చాక మేడ మెట్లు ఒక్కరే ఎక్కారు.

ఆమె నిజం చెప్పేద్దామని వెళ్ళింది. గుమ్మంలోనే మాస్టారి భార్య ఆపింది.

"ఇప్పుడిప్పుడే కోలుకుంటున్నారమ్మా. ఇంకొన్నాళ్ళు ఓర్చుకోలేవా?"

ఆగమన్నందుకు ఆమెకీ ప్రాణం కుదుటపడింది.

ఆ మధ్యలోనే ఒక కాలేజీ వాళ్ళు మాస్టారిని మాట్లాడమని పిలిచారు. అచ్చయ్యేదాకా ఫలితాల గురించి నోరు మెదపకూడదని అందరికీ నేర్పింది ఆయనే. ఆ రోజు మాత్రం సంతోషం పట్టలేక చెప్పేశారు.

మర్నాడు పేపర్లో ఆయన ఫొటో. నవ్వుతున్నారు.

డైరెక్టర్ ఇద్దర్నీ తన గదికి పిలిపించాడు. బల్ల మీద గ్రాఫు పరిచి ఉంది.

"వట్టి బండ అని మీ టీమే తేల్చింది కదండీ. గాలి ఉందని మీకెవరు చెప్పారు?"

మాస్టారు ఆ కాగితం వైపు చూశారు. తర్వాత ఆమె వైపు.

'నేనే' అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది.

వచ్చి, అక్కడే ఆగిపోయింది.

"ఎవరూ చెప్పలేదండీ," అన్నారు మాస్టారు. "ఆస్పత్రిలో మందుల మత్తు. నాకే అలా అనిపించినట్టుంది."

డైరెక్టర్ గొంతు మెత్తబడింది. కేకలేసినా బాగుండేది.

"మీరింక విశ్రాంతి తీసుకోండి. వివరణ మేం ఇచ్చుకుంటాం."

సాయంత్రానికల్లా వివరణ బయటికొచ్చింది. అనారోగ్యం వల్ల జ్ఞాపకం తడబడి ఆయన అన్న మాటలని. కింద టీమ్ అందరి సంతకాలు. ఆమెదీ.

మర్నాడు మాస్టారు గది ఖాళీ చెయ్యడానికి వచ్చారు. ఆమె ఆయన పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుతూ ఉండిపోయింది.

"ఆ రోజు అమ్మగారు..." అంటూ మొదలుపెట్టింది.

"ఆ గ్రాఫు ఒకసారి చూపించు."

చూపించింది. ఆయన నిలబడే, ఒక్కో చుక్క మీదా వేలు పెట్టి, పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు చూశారు.

"పని శుభ్రంగా ఉందమ్మా," అన్నారు. "ఎక్కడా వేలెత్తి చూపడానికి లేదు."

ఆమె పెట్టె అందుకోబోయింది. ఆయన ఇవ్వలేదు. గోడ పట్టుకుని, ఆగి ఆగి, తనే మోసుకుపోయారు.

ఆ తర్వాత ఆమె చాలాసార్లు వాళ్ళింటికి వెళ్ళింది. రామ్మా, కూర్చో అనేవారు. ఎండల గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి బోలెడు కబుర్లు చెప్పేవారు.

ఆమెను మాత్రం ఇంకెప్పుడూ ఏమీ అడగలేదు.