కాగితం ఎవరి పేరున?

"కాసిని నీళ్లిస్తావా తల్లీ?" గుమ్మం ముందు నిలబడి అడిగిందామె.

"లేవు," అంది అరుణ.

ఎండ మండిపోతోంది. అరుణ వెనకాల బిందె నిండుగా ఉంది. ముసలామె ఆ బిందెను చూసింది, అరుణను చూసింది.

నిజానికి అరుణ అలాంటి పిల్ల కాదు. పడనివాళ్లు వచ్చినా ముందు చెంబుడు నీళ్లిచ్చి, ఆ తర్వాతే తగువు పెట్టుకునే రకం. కానీ ఊళ్లో ఎవరూ ఎప్పుడూ చూడని ఈ మనిషి పొద్దున ఆదోని బస్సు దిగి, నేరుగా పాస్టరు దేవరాజు ఇంటికి పోయింది. అక్కడ భోంచేసి ఇటు వచ్చింది. ఊరంతా చూసింది.

"నా పేరు ఉచ్చీరమ్మ. హొళగుందలో టీచరుగా చేసి రిటైరైనా. మీ అత్తతో రెండు మాటలు మాట్లాడి పోతా."

"మా అత్తను సంఘంలో ప్రభుబల్లకు దూరం పెట్టిండారు. తెలీదా?"

"తెలుసు. అందుకే వచ్చినా."

"క్షమాపణ సెప్పుకోమని పాస్టరయ్య పంపినాడా? ఆ ఇంటికి నువ్వేమైతావు?"

"ఈ పనిమీద వచ్చినప్పుడు నేను ఎవరికీ ఏమీ కాను తల్లీ."

ఈలోగా అత్త కృపమ్మ బయటికొచ్చి అరుగు మీద కూర్చుంది. ఉచ్చీరమ్మ కూడా పక్కనే చతికిలబడింది.

"సంఘంలో ఏమడిగినావక్కా నువ్వు?"

"సమాధుల స్థలం కాగితం ఎవరి పేరున ఉండాదని అడిగినా. అంతే. మా ఇంటాయన సుబ్బన్న ఆడే పండుకోనుండాడు. రేపు నేనూ ఆడికే పోవల్ల. తెలుసుకోకూడదా?"

ఒక రైతు సమాధుల కోసం ఇచ్చిన అరెకరం అది. సంఘానికి రిజిస్ట్రేషను లేదు కాబట్టి, తాత్కాలికంగా అంటూ దేవరాజు తన పేరున రాయించుకున్నాడు. ఆ తాత్కాలికానికి రెండేళ్లు నిండాయి. దైవసేవకుణ్ణి నిలదీసిందని కృపమ్మకు మూడు నెలలుగా రొట్టె లేదు, ద్రాక్షారసం లేదు. అందరూ లేచి ప్రభుబల్ల దగ్గరికి పోతుంటే ఆమె ఒక్కతే గోడవైపు తిరిగి కూర్చుంటుంది.

"సాలు అత్తా! నువ్వు సెప్పిందంతా ఆ ఇంటికి మోసుకపోతాది," అని కసిరింది అరుణ.

ఉచ్చీరమ్మ లేచి చెప్పులు తొడుక్కుంది. గొంతు తడుపుకోకుండానే ఎండలో బస్సుకు నడిచిపోయింది.

అరుణ ఎమ్మిగనూరులో బట్టల కొట్లో పనిచేస్తుంది. బేరాలు లేని వేళ ఫోను తిరగేస్తూ రెండు వెబ్‌సైట్లు కనిపెట్టింది. ఒకటి 'చల్లని కబురు'. అందులో చావులూ కొట్లాటలూ ఉండవు. తుగ్గలి పక్క పల్లెలో తల్లీకూతుళ్లు కలిసి చదివి ఒకేసారి పది పాసయ్యారనో, మరొకటో ఉంటుంది. రోజూ అది చదివి వినిపిస్తే గాని కృపమ్మకు ముద్ద దిగదు.

దాని అడుగున ఉన్న లింకు నొక్కితే రెండోది దొరికింది. 'సంఘానికి జవాబు'. అడిగినదానికి జవాబు చెప్పని పాస్టర్ల గురించి, పెద్దల గురించి, ఇరువైపులా విని రాస్తారు. పోయిన నెల అరుణ దానికి అత్త సంగతంతా రాసింది. జవాబు లేదు. వీళ్లూ అందరిలాంటివాళ్లేనని తిట్టుకుంది.

మర్నాడు కొట్లో ఉండగా ఫోను మోగింది. సందేశం.

'మీ ఉత్తరం అందింది. నిన్న మీ ఊరు వచ్చి ఇరువైపులా విన్నాను. ఈ ఆదివారం పాస్టరుగారు సంఘం ముందు జవాబు చెప్పకపోతే, సోమవారం ఆయన పేరుతో సహా రాస్తాను. మీ అత్తగారి గురించి మాత్రం చల్లని కబురులో ఎలాగూ రాస్తాను. రెండూ నేనే నడుపుతున్నాను. ఉచ్చీరమ్మ.'

అరుణ చేతిలోని తాను పక్కన పెట్టి మళ్లీ మొదటినుంచి చదివింది.

"పాపపుదాన్ని! గుక్కెడు నీళ్లు ఇయ్యకపోతిని అత్తా," అని సాయంత్రం ఇంటికొచ్చి ఏడ్చింది.

"ఆ ఇంట్లో ఆయన మాట విననీకే కూసున్నాదేమో. మనమే తప్పుగా అనుకుంటిమి," అంది కృపమ్మ.

ఆదివారం దేవరాజు ప్రసంగం చెప్పలేదు. ఉబ్బిన కళ్లతో ఒక కాగితం పట్టుకుని నిలబడ్డాడు.

"ఈ స్థలం మీది. నా పేరున పెట్టుకోని, అడిగిన మనిషిని శిక్షించినా. తప్పు నాది. సంఘాన్ని రిజిస్ట్రేషను చేయించి దాని పేరుకు మారుస్తా. రేపే ఆదోనికి పోతా, పెద్దలిద్దరు నాతో రండి. అంతదాంకా ఇది కృపమ్మ పెద్దమ్మ దగ్గర ఉంటాది."

కాగితం ఆమె ఒళ్లో పెట్టాడు. రొట్టె పళ్లెం తనే తీసుకుని ఆమె కూర్చున్న గోడ దగ్గరికి వచ్చాడు.

"తీసుకో పెద్దమ్మా."

కృపమ్మ రొట్టె తీసుకుని కళ్లకద్దుకుంది. సంఘంలో ఏడవనివాళ్లు లేరు. అరుణ కూడా ఏడ్చింది గాని, అడిగితే ఒప్పుకోదు.

ప్రార్థన ముగిశాక మాత్రం ఆ పిల్ల నోరు ఊరుకోలేదు.

"ఏం పాస్టరయ్యా, మూణ్ణెల్లు మేము మొత్తుకుంటే కదలకపోతిరి. వెబ్‌సైటులో పేరు వస్తాదంటే అంత భయమైందా?"

"ఊరుకో పాపా," అని కృపమ్మ ఆమెను వెనక్కి లాగింది. "అయ్యా, ఆయమ్మ యాడుంటాదో సెప్పు. పిలిపించి కడుపునిండా అన్నం పెట్టుకుంటా."

"ఇప్పుడు రాదు పెద్దమ్మా. స్థలం సంఘం పేరుకు మారేదాంకా ఈ ఊరి గడప తొక్కనని సెప్పి పోయింది."

"ఆయమ్మకెందుకయ్యా అంత పట్టింపు?"

దేవరాజు తల ఎత్తలేదు.

"ఆమె మా అమ్మ."