రెండింటికీ ఒకటే అడాప్టర్

"ఉద్యోగానికి దరఖాస్తు టైపు చేసేశాను. ఐదింటికి గడువు. పంపిద్దామంటే నెట్ ఏదండీ? రూటర్ అడాప్టర్ కాలిపోయినట్టుంది," అంది భార్య.

భర్త ఠీవిగా లేచి, చిన్న కంప్యూటర్ వెనక నుంచి అడాప్టర్ పీకి రూటర్‌కి గుచ్చాడు. "ఇదిగో, వచ్చేసింది!"

తెర నల్లబడింది.

"ఆహా, ఏం తెలివండీ! నెట్ వచ్చింది, కంప్యూటర్ పోయింది. రెండు గంటల టైపింగు బూడిదలో పోసిన పన్నీరైంది."

"రెండూ పన్నెండు వోల్టులేగా. ఇంటికి ఒక్క అడాప్టర్ చాలదా అనుకున్నా."

"పెళ్లయిన కొత్తలోనూ ఇదే మాట. ఇంటికి ఒక్క ఉద్యోగం చాలదా అన్నారు. అప్పుడూ పీకింది నాదే."

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. అడాప్టర్ తీసి మళ్లీ కంప్యూటర్‌కి పెట్టి, చెప్పులు వేసుకున్నాడు.

"నువ్వు టైపు చెయ్యి. ఇంకోటి కొనుక్కొస్తా."

"నడిచి కాదు, పరిగెత్తండి!"