కట్టంగూర్ కోయిల

“ఏం పాడుతాందిరా పిల్ల! ఎవరి బిడ్డనో గని, శక్కర తిని పుట్టినట్టున్నది,” అన్నాడు జంగయ్య, తన హోటల్లో టేప్‌రికార్డర్ మీద పడ్డ చాయ్ చుక్కను తుడుస్తూ.

బల్ల చివర కూర్చున్న లింగస్వామి గ్లాసు కింద పెట్టాడు. “పిల్ల గాదు జంగన్నా. పాడింది నేనే.”

జంగయ్య అతని మీసాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు.

“నువ్వా? అయితే ఎనక డప్పు కొట్టింది మా బర్రె!”

హోటలంతా గొల్లుమంది. వెనక డప్పు కొట్టిన పెద్దులు కూడా అక్కడే ఉన్నాడు. చాయ్‌లో బిస్కెట్ ముంచుకున్నాడు.

అది తొంభై ఒకటి ఎండాకాలం. కట్టంగూర్‌లో ముగ్గురు దోస్తులు బ్యాండు పెట్టారు. పెళ్లి బ్యాండు కాదు, సొంత పాటల బ్యాండు. షరీఫ్‌ది బెంజో, పెద్దులుది డప్పు, లింగస్వామిది గొంతు. డప్పుంది, డబ్బే లేదు. ఎండిన బోరు మీద, రాని బస్సు మీద, వచ్చినా ఆగని బస్సు మీద పాటలు కట్టారు. బోరు మీద పాటైనా బోరు కొట్టలేదు.

షరీఫ్ ఇంట్లోనే రికార్డు చేశారు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. టేప్‌రికార్డర్‌లో సెల్లులు వేశారు. కొత్తవా? ఎవరింట్లో ఉంటాయి కొత్తవి! నీరసపడ్డ సెల్లుల్ని వడియాల పక్కన ఎండబెట్టి మళ్లీ వాడుకోవడమే అందరి ఇళ్లలోనూ ఆనవాయితీ. ఆ సెల్లులు టేపును ఈడ్చుకుంటూ తిప్పాయి. అదే డబ్బాలో, అవే సెల్లులతో విన్నారు కనుక తేడా తెలియలేదు. నల్లగొండలో కరెంటు మిషన్ మీద కాపీలు తీసేసరికి టేపు పరుగందుకుంది. నింపాది పాట చిందులేసింది. బండ గొంతు సన్నజాజి అయింది. సెల్లులు చేసిన పనికి లింగస్వామి జిల్లాకంతా చెల్లెలయ్యాడు.

ఆ ఒక్క క్యాసెట్‌తో మోత్కూర్ మోత మోగిపోయింది. పాడిన పిల్లకు ‘కట్టంగూర్ కోయిల’ అని పేరు కూడా పెట్టారు జనం. గాయకుడికి మాత్రం గాయం మిగిలింది.

“కొత్త సెల్లులేసి మళ్ల రికార్డు చేద్దాం భాయ్,” అన్నాడు లింగస్వామి.

“పాగల్ అయినవా? జనం పిల్లను అడుగుతుంటే నీ మీసం చూపెట్టాల్నా?” అన్నాడు షరీఫ్.

అలా వాళ్లు వాదులాడుకుంటుండగానే ఒకాయన షరీఫ్ ఇంటి గడప తొక్కాడు. పేరు చోటే మియా, ఊరు కొల్లాపూర్.

“మా అమ్మీ అజీజా బేగంకు మీ క్యాసెట్ అంటే పానం. మనుమరాలి పెండ్లి దావత్‌కు ఆ గొంతు రావాలంటాంది. అది రాకుంటే మీరెవ్వలూ రావొద్దన్నది.”

షరీఫ్ బెంజో పక్కన పెట్టాడు. “అంటే... పాడినోళ్లే రావాల్నా?”

“ఇంకెవలొస్తరు? పాడినోళ్లే!”

ఆయన వెళ్లగానే లింగస్వామి లేచాడు. “ఇనుండ్రి. కొల్లాపూర్ల గూడ ఆ లేని పిల్లకే చప్పట్లు పడితే, ఇగ నేను నోరు తెరువ. బోరు లారీ మీద పనికి పోత.”

“గట్ల అనకురా లింగా. నువ్వు లేంది బ్యాండెక్కడిది?” అన్నాడు పెద్దులు.

“ఉన్నా లేనట్టే ఉన్న గద!”

చివరికి ఆ కోయిలగా వచ్చి పాడమని లింగస్వామి మరదలు యాదలక్ష్మి కాళ్లావేళ్లా పడ్డారు. నాట్లప్పుడు ఆమె పాట ఎత్తుకుంటే పక్క మడి వాళ్లు కూడా చేతులాపి వినేవారు.

“నీ గొంతుకు నా మొకమా బావా?” అని కిలకిలా నవ్వింది. “సరే, కృష్ణా నది చూపిస్తనంటే వస్త.”

“కొల్లాపూర్‌ను కొల్లగొట్టాలె!” అంటూ షరీఫ్ బస్సెక్కాడు. లింగస్వామి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

దావత్‌లో షామియానా కింద యాదలక్ష్మి మైకు ముందు కూర్చుంది. లింగస్వామిని మూలన కూర్చోబెట్టారు. చేతికి తాళాలు, నోటికి తాళం. చోటే మియా యాదలక్ష్మిని చూసి నెత్తి గోక్కున్నాడు. షరీఫ్ గుండె బెంజో కన్నా ముందే మోగడం మొదలుపెట్టింది.

యాదలక్ష్మి బోరు పాట పాడింది. మహా బాగా పాడింది. పెళ్లివారు చప్పట్లు కొట్టారు. లింగస్వామి తాళాలు కింద పెట్టి లేవబోయాడు.

ముందు వరుసలో పాన్ నములుతున్న అజీజా బేగం చెయ్యెత్తింది. చప్పట్లు ఆగిపోయాయి.

“మంచిగ పాడినవ్ బేటీ. గని నేను పిలిచింది నిన్ను గాదు.”

షరీఫ్ లేచి రెండు చేతులూ జోడించాడు. “గలతీ అయింది అమ్మీ. మాఫ్ చెయ్యి. క్యాసెట్ల పాడిన పిల్ల... అసలు లేనే లేదు.”

“ఏం పిల్ల?”

“అదే... అందరు ఇంటున్న పిల్ల.”

ఆమె ముగ్గురినీ ఎగాదిగా చూసింది. “ఏం పరేషాన్‌ల ఉన్నరురా మీరు? చోటే, జర నా డబ్బా తే.”

చోటే మియా లోపలికి వెళ్లి టేప్‌రికార్డర్ తెచ్చి ఆమె ఒడిలో పెట్టాడు. “గిండ్ల కొత్త సెల్లులేస్తనంటే ఇనవు గద అమ్మీ.”

“ఎందుకు? నిన్ననే ఎండబెట్టిన. నడుస్తాంది గద!” అంటూ ఆమె మీట నొక్కింది.

చక్రాలు ఆయాసపడుతూ, నెమ్మదిగా, పెళ్లికూతురి నడకలా తిరగసాగాయి. షరీఫ్ కళ్లు మూసుకున్నాడు.

డబ్బాలోంచి లింగస్వామి తన బండ గొంతుతో పాడాడు.