పాత నీళ్లు

పాల్వంచ కాలనీలో క్వార్టర్ ఖాళీ చేస్తూ, కిరాయి గదిలో పట్టదని రాఘవమ్మగారు సముద్రపు చేపల అక్వేరియం నాకు అమ్మారు. అందులోని నీళ్లు వేరుగా రెండు క్యాన్లలో పోసిచ్చారు.

“చేపల సంగతి ఎలా ఉన్నా, ఈ నీళ్లు మాత్రం పారబోయకు నాయనా.”

చేపలు పెంచడం నాకు కొత్త. ఇంటికొచ్చి చూస్తే నీళ్లు పచ్చగా ఉన్నాయి, నీచు వాసన. మోరీలో పారబోశాను. తొట్టిని సబ్బుతో తోమి, బోరునీళ్లలో రాళ్ల ఉప్పు కలిపి నింపాను. తెల్లారేసరికి రెండు చేపలూ వెల్లకిలా తేలాయి.

మూడో రోజు రాఘవమ్మగారు రాగిచెంబు పట్టుకుని మా ఇంటికొచ్చారు.

“తప్పయిందమ్మా, చేపలు సచ్చిపోయినయ్” అన్నాను.

ఆవిడ తొట్టి అద్దం మీద చెయ్యి పెట్టారు.

“పోతే పోయాయిలే. మా పిల్ల ఉప్పెనలో కొట్టుకుపోయింది, శవం కూడా దొరకలేదు. ఆ ఒడ్డునించే మా ఆయన ఈ నీళ్లు తెచ్చారు. ఇవాళ దాని తిథి. దీపం దగ్గర పెట్టుకుంటాను, ఒక్క చెంబుడు ఇవ్వు నాయనా.”

చెంబు అందుకున్నాను. తొట్టిలో నీళ్లే ముంచి ఇచ్చాను.

ఆవిడ వేలు ముంచి నాలుకకు రాసుకున్నారు.

“అదే ఉప్పు” అంటూ చెంబును కళ్లకద్దుకున్నారు.