ముళ్లు తీసే కొంగ వాకిలి

అనగనగా అని మొదలై, ఊ కొట్టేవాళ్లుంటేనే ముందుకు నడిచే కథ ఇది.

అడవిలో వాగు ఒడ్డున ఒక కొంగ, జంతువుల కాళ్లలో దిగిన ముళ్లు తీసే వైద్యశాల తెరిచింది. దాని పొడుగాటి ముక్కుకు జడిసి ఒక్కరూ రాలేదు. ఇవాళ కూడా ఎవరూ రాకపోతే వైద్యం మాని చేపల వేటకే పోవాలని కొంగ దిగులుగా నిశ్చయించుకుంది.

"నీకు ప్రచారం లేదు పిన్నీ, అంతే!" అంటూ నెమలి ఆ ముక్కును పదింతలు చేసి, తళతళలాడేలా బోర్డు మీద చిత్రించి, దారిలో నిలబెట్టింది. ముల్లు దిగిన కాలు పైకెత్తి కుంటుతూ వస్తున్న కుందేలు దాన్ని చూసి కెవ్వుమని పరుగందుకుంది.

"చూశావా పిన్నీ, ఎంత స్పందనో!"

"పరుగు ఇటు రావాలి నాయనా, అటు కాదు!"

కంగారులో దారి తప్పిన కుందేలు మూడు కాళ్ల మీద గుండ్రంగా తిరిగొచ్చి కొంగ వాకిటి బురదలోనే చతికిలబడింది. అది కళ్లు మూసి తెరిచేలోగా కొంగ ముల్లు పీకేసింది. కుందేలు కాలు ఆనించి చూసుకుని, ఆనందం పట్టలేక గెంతుతూ వెళ్లిపోయింది.

కుంటుతూ అటే వచ్చిన ముంగిస బురదలోని అడుగులు చూసి ఆగింది. "ఓహో! మూడు కాళ్లతో వచ్చినవాళ్లు నాలుగు కాళ్లతో పోతున్నారే! అత్తా, నా కాలూ చూడవా?"

అడవి చదివేది అడుగుజాడలనేనని కొంగకు తెలిసొచ్చింది. బోర్డు దింపించి రోగులకు పీటగా వేసింది. వాకిటి బురద ఆరిపోకుండా నీళ్లు చిలకరించింది. పొద్దు వాలేసరికి జింక, అడవిపంది, ముళ్లపంది వరస కట్టాయి.

"నీకేం తీయాలిరా?" అంది కొంగ ముళ్లపందిని చూసి, హడలిపోయి.

"కాలిలోది ఒక్కటే అత్తా! మిగతావి నావే!"

ఈ కథ నాకు మొదట చెప్పినది మా అమ్మమ్మ సుందరమాంబ.